బండ తాగిన పులుపు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా బిడ్డకు ఫిట్స్ వచ్చే వేళకు నేను దాని ముందు లేకపోవడం.

వాసవికి మూడేళ్లు నిండి నాలుగో నెల. అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. స్నానానికి పోతే తలుపుకు గొళ్లెం పెట్టుకోను. సిద్దిపేటలో ఏ పెళ్లికి పిలిచినా అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే తిరిగొస్తాను. "ఏందే స్వరాజ్యం, నీ బిడ్డేమన్న లాకర్ల పెట్టిన బంగారమా, గంత కాపలా?" అని పక్కింటి కనకవ్వ నవ్వుతుంది. నవ్వనీ.

మొన్నటి భాగం చదివినవాళ్లకు మా సామానర్ర గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెబుతాను. ఆ గదిలో బియ్యం డ్రమ్ము వెనక ఒక తాండూరు బండ ఉంది. ఇల్లు కట్టిన రోజుల్లో మా మామ రాధాకిషన్ గారు తాండూరు గనుల నుంచి లారీలో తెప్పించి పరిపించిన బండల్లో అదొకటి. ఆరు నెలల కింద గోడలకు సున్నం వెయ్యడానికి డ్రమ్ము జరిపితే ఆ బండ మీద గుండ్రటి మచ్చలు బయటపడ్డాయి. కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా. మా ఆయన సుధాకర్ హైస్కూల్లో సైన్సు చెబుతారు. చేపలు, నత్తలు, గడ్డిపోచ కూడా పుట్టని కాలంలో సముద్రంలో తేలిన ప్రాణుల అచ్చులవి అని ఆయన నమ్మారు. నల్లవి ముందు తరం, తెల్లవి తర్వాతి తరం అని రాసి, ఫోటోలు జతచేసి పేపరుకు పంపారు. పేపర్లో పడింది. బజార్లో ఆయనకు 'రాళ్ల సారు' అని పేరు కూడా పడింది. అవి నిజంగా అచ్చులేనా అని తేల్చడానికి, రాళ్ల సర్వేలో పనిచేసి రిటైరైన దత్తాత్రి గారు ఆదివారం పొద్దున హైదరాబాదు నుంచి వచ్చారు. మోకాళ్ల మీద వంగి, భూతద్దం కంటికి ఆనించి చాలాసేపు చూశారు. తల ఎత్తకుండానే నన్ను అడిగారు:

"ఏమమ్మా, ఈడ పులుపు ఏమన్న పెడ్తరా?"

కథ అక్కడ ఆగింది. నా గుండె కూడా.

ఎందుకు ఆగిందో ఇప్పుడు చెప్పక తప్పదు.

వాసవికి మొదటిసారి ఫిట్స్ వచ్చిన రోజు డాక్టరు తెల్ల మాత్రలు రాసిచ్చాడు. ఆ సాయంత్రం మా ఆయన నా చేయి పట్టుకుని, బిడ్డ తల మీద పెట్టించి, దిష్టి తియ్యను, తాయెత్తు కట్టను అని ఒట్టు వేయించుకున్నారు. "ఇది మీ పుట్టింటి జబ్బు. తాయెత్తు కట్టి మీ తమ్మున్ని బతికించుకున్నరా?" అన్నారు. నేనేం జవాబు చెప్పను? మా పుట్టింటి ఊరు ధూళిమిట్టలో మా తమ్ముడు మెడలో తాయెత్తు ఉండగానే బావి గట్టు మీద ఫిట్స్ వచ్చి పడిపోయి, కొట్టుకుంటూ నీళ్లలోకి జారాడు. వాడికి పదకొండేళ్లు. ఆ పూట వాడి వెంట ఉండాల్సింది నేను. తొమ్మిదో తరగతి పరీక్షకు నోట్సు రాసుకుంటూ, ఇదొక్క పేజీ అయ్యాక పోదాం అనుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ సగంలోనే ఉంది. మళ్లీ బడి గడప తొక్కలేదు.

మాత్ర ఏనాడూ మానలేదు. కానీ మాత్ర ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చునే ధైర్యం నాకు లేదు. ప్రతి అమావాస్య సందెవేళ, ఆయన ట్యూషన్ నుంచి రాకముందే, నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి, ఆ రెండు చెక్కలూ డ్రమ్ము వెనక బండ మీద బోర్లా పెట్టేదాన్ని. పైన ఇత్తడి గిన్నె మూసేదాన్ని. గిన్నె బోర్లిస్తే లోపలిది బయటికి రాదని మా అవ్వ అనేది. మగవాళ్ల కంటపడని చోటు మా ఇంట్లో అదొక్కటే. తెల్లారి చెక్కలు తీసేసి, కుంకుమ మరక మిగలకుండా తుడిచేదాన్ని. తాండూరు బండ మీద నిమ్మరసం పడితే మచ్చ పోదని ఇల్లు తుడిచే ఆడవాళ్లందరికీ తెలుసు. డ్రమ్ము వెనక చీకట్లో నేను ఎరుపే చూసుకున్నాను, మచ్చ చూసుకోలేదు.

డ్రమ్ము జరిపిన రోజు ఆయన కేకేస్తే పరుగెత్తుకొచ్చాను. చూడగానే నాకు తెలిసిపోయింది. నోరు తెరవలేదు. తెరిస్తే ఒట్టు తప్పానని తెలుస్తుంది. ఒట్టు ఎవరి తల మీద వేశానో మీకు తెలుసు కదా.

ఆదివారం ఆ అర్రలో నలుగురం ఉన్నాం. దత్తాత్రి గారు కింద, మా ఆయన ఆయన పక్కన లైటు పట్టుకుని, నేను గోడకు ఆనుకుని. మా అత్తమ్మ రాధాబాయి గడపలో వాసవిని ఎత్తుకుని నిలబడింది.

దత్తాత్రి గారు చూపుడు వేలు తడి చేసుకుని ఒక తెల్ల మచ్చ మీద రుద్ది, ఆ వేలు నాలుకకు తాకించుకున్నారు.

"ఓ సారూ, ఛాయ్ తెస్త గని బండ నాకకున్రి" అంది అత్తమ్మ.

"ముప్పై ఐదేండ్లు ఇదే నా నౌకరీ పెద్దమ్మా. సర్కారు జీతమిచ్చి నాకించింది" అని నవ్వారాయన. తర్వాత మా ఆయన వైపు తిరిగారు. నవ్వు పోయింది. "సుధాకర్ గారూ, ఇది సున్నపు రాయి. పులుపు తగిలితే తినేస్తది. చూడున్రి, ఈడ మెరుగు పోయి గరుకయింది. ఇది అచ్చు కాదు, కాలిన మచ్చ అసొంటిది."

"అచ్చుకు అంచు అట్లనే ఉంటదని మీరే జాబుల రాసిన్రు గద."

"ఫోటో చూసి రాసిన. ఫోటోను చేతితోని తడమరాదు గద."

మా ఆయన లైటును మచ్చకు ఇంకా దగ్గరగా జరిపారు. ఆరు నెలలుగా ఆ మనిషి మొహంలో నేను చూసిన వెలుగు నాకు గుర్తొచ్చింది. స్టాఫ్ రూములో ఎగతాళి చేసినా, కిరాణా కొట్టు దగ్గర 'సారూ, మా వాకిట్ల రాయి గూడ జర చూడున్రి' అని నవ్వినా, ఇంటికొచ్చి ఆ బండ ముందు చిన్నపిల్లాడిలా కూర్చునేవారు. ఇంకెంత కాలం దాచను?

"నిమ్మకాయలు సార్" అన్నాను. "నేనే పెట్టిన. అమాసకు."

మా ఆయన నా వైపు చూడలేదు. బండనే చూస్తూ అడిగారు. "ఎన్ని అమాసలు?"

"పదకొండు. డ్రమ్ము జరిపేదాంక."

"రెండేసి చెక్కలా?"

"ఆఁ."

"వాసవి తల మీద చెయ్యి వెట్టి..." అని ఆగిపోయారు. ఆ మాట పూర్తి చేస్తే బిడ్డకు తగులుతుందని ఆయనకూ భయమే వేసినట్టుంది. సైన్సు చెప్పే మనిషికి కూడా.

దత్తాత్రి గారు వేలితో ఒక్కొక్క మచ్చనూ తాకుతూ లెక్కపెట్టారు. "తెల్లవి ఇరవై రెండు. అమ్మ చెప్పిన లెక్కనే. నల్లవి మాత్రం ముప్పై దాటినయి."

ఆ మాటకు మా ఆయన ఒక్కసారి లేచి నిలబడ్డారు. "చూసిన్రా! నల్లవి పాతవని నేను ముందు నుంచే అంటున్న. పోనీ, తెల్లవి నీయే, స్వరాజ్యం, తీసుకో. నల్లవి నిమ్మకాయలు గావు!" ఆయన నన్ను చూసి నవ్వారు. ఒట్టు తప్పిన పెళ్లాన్ని ఆ క్షణంలో క్షమించేశారు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆ నల్ల మచ్చలు నిజంగానే ఆ కాలానివై ఉంటే బాగుండునని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను.

"నల్లవి నాయి కొడుకా."

అత్తమ్మ గడపలోంచి కదల్లేదు. వాసవిని ఒక చంకలోంచి రెండో చంకలోకి మార్చుకుంది.

"నీయేంది?"

"నిమ్మకాయలే. పాతగయినయి, మురికి పట్టి నల్లవడ్డయి. గిదే మూల. గిదే గిన్నె బోర్లించిన."

"వాసవి పుట్టకముందా? ఎవలకు?"

"నీకే."



అత్తమ్మ వాసవిని కిందికి దింపింది. అది తిన్నగా బండ మీదికి పోయి చతికిలబడి, ఒక్కొక్క మచ్చ మీద అరచేయి పెట్టి తీయడం మొదలుపెట్టింది.

"నీకు రెండో ఏడు పడంగనే షురువయింది. ఐదో ఏడు దాక. కండ్లు తేలేసేటోనివి, నోట్లె నురుగు. మీ నాయిన దవాఖానకు గూడ హైదరాబాదుకే తీస్కపోయిండు, ఈడ ఎవలకన్న తెలుస్తదని. బట్టల దుకాణం, నలుగుట్ల ఇజ్జత్. 'రేపు పిలగానికి పిల్లనెవలిస్తరు' అన్నడు. నా నోరు కట్టేసిండు. ఆయన పోయిండు గని నేను ఇప్పలేదు."

"నాకు ఒక్కటి గుర్తు లేదు" అన్నారు మా ఆయన.

"ఉండది. పడ్డోనికి గుర్తుండది బిడ్డా. చూసినోళ్లకే ఉంటది."

ఆయన బియ్యం డ్రమ్ము మూత మీద కూర్చుండిపోయారు. నేను మాత్రం కూర్చోలేకపోయాను. పెళ్లయి ఐదేళ్లు. అత్తమ్మ ముందు నేను గొంతెత్తింది లేదు.

"అత్తమ్మా, ఏడాదిన్నర సంది మీ కొడుకు ఇది మా పుట్టింటి జబ్బు అంటుండు. మీరు పక్కన కూసోని వడ్డిస్తుంటిరి. మా తమ్ముని మాట ఎత్తినప్పుడల్ల నాకు ముద్ద దిగకపోతుండె. మీకు కనవడలేదా?"

"కనవడ్డది."

"మరి?"

"నువ్వు గిన్నె యాడ పెడ్తున్నవో కనవడ్డది. నువ్వు తినకుంట లేసుడు కనవడ్డది. అన్నీ కనవడ్డయి." ఆమె గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. "నీ తమ్ముడు సచ్చిపోయిండు స్వరాజ్యం. సచ్చినోనికి మాట వడితే ఏమయితది? నా కొడుకు బతికున్నడు. బతికున్నోన్ని కాపాడుకున్న. రేపు నీ బిడ్డ కోసం నువ్వు గూడ ఎవలనో ఒకలను ఆడిపోసుకుంటవ్. అప్పుడు నన్ను యాది జేస్కో."

ఆమెను కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపం కింద ఇంకోటి కదిలింది. ఈ జబ్బు నా వల్ల రాలేదు. నా రక్తంలోంచి రాలేదు. ఏడాదిన్నరగా మోసిన బరువు దిగిపోవాలి కదా, దిగలేదు. ఎవరి వల్ల వచ్చిందో తెలిస్తే బిడ్డకు రావడం ఆగుతుందా?

పాపం దత్తాత్రి గారు ఇంటిగుట్టు మధ్యలో ఇరుక్కుపోయారు. ఎటు చూడాలో తెలియక సంచిలోంచి చిన్న సుత్తి తీసి, గోడ మూలలో ఎప్పుడో పగిలి ఊగుతున్న బండ అంచు దగ్గరికి జరిగారు. "వచ్చిన పని జేస్కొని పోత. మీరు మాట్లాడుకోన్రి" అని గొణిగి, సన్నటి ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశారు.

అంచు పలకలాగా రెండు పొరలుగా విడిపోయింది. పుస్తకం తెరిచినట్టు.

లోపలి పొర మీద, గాలి కూడా తగలని చోట, నల్లటి చుక్కలు. కొన్ని ఆవగింజంత, కొన్ని మిరియమంత. అన్నీ గుండ్రటివే.

"అరెరె" అన్నారు దత్తాత్రి గారు. గొంతు మారిపోయింది. "సుధాకర్ గారూ, ఇగో. ఇటు చూడున్రి. ఇవి నిమ్మకాయలు గావు. ఎన్ని కోట్ల ఏండ్లయిందో, లెక్క కాడనే మావోళ్లు కొట్లాడుకుంటరు. ఇవి ప్రాణమున్నయేనని నేనంట. ఉత్త మరకలని నాకంటె పెద్దోళ్లంటరు. ఆ కొట్లాట తెగలేదు. గని మీ ఇంట్ల, మీ కాళ్ల కిందనే..."

మా ఆయన చూడలేదు. ఆరు నెలలు దేనికోసం బతికారో అది అరచేతి దూరంలో తెరుచుకుని ఉంటే, ఆయన తన చేతుల్ని చూసుకుంటున్నారు.

చూసింది అత్తమ్మ. ముందు ఆ చుక్కల్ని. తర్వాత వాసవిని.

వాసవి చేయి మచ్చ మీదే ఉంది. కానీ కదలడం లేదు. కళ్లు గోడ మీద ఎక్కడో ఆగిపోయాయి, రెప్ప పడటం లేదు. నేను ఒక్క అంగలో దాన్ని పట్టుకుని ఒళ్లోకి లాక్కున్నాను. పెదవి చివర చిన్నగా అదిరింది. పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. ఆరు, ఏడు, ఎనిమిది అని అంకెలు లెక్కపెట్టుకున్నాను. ఇరవై దాటాక "అమ్మా, నీల్లు" అంది.

దత్తాత్రి గారి చేతిలో సుత్తి ఇంకా అలాగే ఉంది.

"బండ వలిగింది, పిల్లకొచ్చింది" అంది అత్తమ్మ.

"పెద్దమ్మా, దానికి దీనికి ఏం సంబంధం లేదు. ఇది సముద్రం అడుగున బురద. పొర మీద పొర పేరుకొని..."

"మీరు సదువుకున్నోళ్లు సారూ. నేను దిష్టి దించినదాన్ని." ఆమె వంగి, ఊడొచ్చిన ఆ పలకను రెండు చేతులతో, వేడి గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకుంది. "నా కొడుకుది దించిన. ఈమె తన బిడ్డది దించింది. బండ తాగింది, తాగింది, కింది పొర దాక దిగింది. ఇగ నిండింది. నిండినంక అది యాడికి పోతది?"

ఆమె మాట తప్పు అని నాకు తెలుసు. ఒళ్లోని బిడ్డను ఆ బండకు దూరంగా జరుపుకోకుండా మాత్రం ఉండలేకపోయాను.

పోతూ పోతూ దత్తాత్రి గారు, "ఆ ముక్కను పదిలంగ పెట్టున్రి. బుధారం మనిషిని పంపిస్త" అని రెండుసార్లు చెప్పారు. మా ఆయన ఆయన్ను బస్టాండు దాకా సాగనంపి, తిరిగొచ్చి, వాసవి పాదం పట్టుకుని మంచం చివర కూర్చున్నారు. నన్ను అడిగారు:

"మీ తమ్ముని పేరేంది?"

ఐదేళ్లలో ఆయన అడగలేదు. 'మీ తమ్ముడు' అనే అన్నారు.

"దామోదర్."

"దామోదర్" అన్నారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

సోమవారం పొద్దున ఆయన బడికి పోయారు. "వీధి నల్లాకు నీళ్లొచ్చినయి, వట్టుకరా పో. పిల్లను నేను చూస్త" అంది అత్తమ్మ. రోజూ అనే మాటే. నిన్నటి మాటల తర్వాత కూడా ఆ మాట అన్నందుకు నాకు లోపల్లోపల ఊరటగా అనిపించింది. ఇల్లు మళ్లీ ఇల్లవుతుందేమో అనుకున్నాను. రెండు బిందెలు తీసుకుని వీధి చివరికి పోయాను. వరుసలో నా ముందు నలుగురు. పావుగంట పట్టింది, అంతకన్నా లేదు.

వచ్చేసరికి ఇంటి తలుపు దగ్గరికి వేసి ఉంది. "అత్తమ్మా" అన్నాను. "వాసవీ" అన్నాను. సామానర్రలోకి పోయాను. పలక లేదు. వాసవి చెప్పులు లేవు. దాని పొద్దుటి మాత్ర, నీళ్లు తెచ్చాక వేద్దామని నేను తీసి పెట్టింది, గూట్లోనే ఉంది. సీసా కూడా ఉంది.

కనకవ్వ గోడ మీంచి తల పెట్టింది. "మీ అత్త ఇప్పుడే రిక్షా ఎక్కె గదనే. చంకల పిల్ల, చేతుల బట్టల మూట. బగ్గ బరువున్నట్టుంది మూట. 'యాడికి పెద్దవ్వా' అంటి. 'ఎవలది వాళ్లకు అప్పజెప్పొస్త' అనె. ఏందే, కొట్లాడుకున్నరా?"

బిందె ఎక్కడ దించానో నాకు గుర్తు లేదు. బస్టాండులో అడిగితే, తాండూరుకు బస్సు ఎక్కడ మారాలని ఒక ముసలమ్మ అడిగిందని, హైదరాబాదు బస్సు ఎక్కించి పంపామని చెప్పారు. బస్సు అప్పటికే ఊరు దాటింది. ఏ నేలలోంచి ఆ బండ తవ్వారో ఆ నేలకే ఆ పలక తిరిగిచ్చి రావడానికి పోయింది. తన మనుమరాలి కోసమే పోయింది. అదే నాకు ఇంకా భయం. కోపంతో పోయిన మనిషి తిరిగొస్తుంది. మేలు చెయ్యడానికి పోయిన మనిషి, పని అయ్యేదాకా రాదు.

కబురు అందగానే మా ఆయన బడి నుంచి వచ్చి తర్వాతి బస్సుకు పోయారు. అత్తమ్మ దారి మళ్లి ఇంటికొస్తే ఎవరో ఒకరు ఉండాలని నన్ను ఇక్కడ ఉంచారు. ఇవాళ బుధవారం. దత్తాత్రి గారి మనిషి పొద్దున్నే వచ్చాడు, ఖాళీ చేతులతో పోయాడు. మా ఆయన నిన్న రాత్రి తాండూరు నుంచి పక్క దుకాణానికి ఫోన్ చేశారు. అక్కడ గనులు ఒకటీ రెండూ కావట. రోజంతా తిరిగినా ఇద్దరి జాడా లేదు. మాత్ర వెయ్యక మూడు రోజులు.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఆ దారిలో ఉంటే, నా మాట వినండి. ముసలామె బక్కగా ఉంటుంది, ముదురాకుపచ్చ చీర, చేతిలో బరువైన మూట. ఆమెను ఏమీ అనకండి, ఆమె చెడ్డది కాదు. ఆమె చంకలో పసుప్పచ్చ గౌను పిల్ల ఉంటుంది. ఆ పిల్లను ఒకసారి చూడండి. కళ్లు ఎక్కడైనా ఆగిపోయి ఉంటే చేతిలో తాళంచెవులు పెట్టకండి, ఉల్లిగడ్డ వాసన చూపించకండి, నోట్లో నీళ్లు పొయ్యకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గరే కూర్చుని పేరు పెట్టి పిలవండి. వాసవి అని. పలికేదాకా లేవకండి.